మైనస్ 4.5 అంటే 22 సెంటీమీటర్లు

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్ళని ఎవర్ని అడిగినా పవర్ ఎంతో టక్కున చెప్తారు, మైనస్ రెండు, మైనస్ మూడుంపావు అని, కానీ ఆ రెండు ఏంటి, రెండు ఏవి అంటే మాత్రం నోరు వెళ్ళబెడతారు. పెరిగితే చూపు పాడైపోతున్నట్టు, ఆగితే దేవుడి దయ, అంతవరకే మనకి తెలిసింది.

నిజానికి దాని వెనకున్నది ఒక దూరం. ఇంట్లో స్కేలుంటే ఇప్పుడే చూసుకోవచ్చు. అద్దాలు తీసి పక్కన పెట్టి, ఒక కన్ను మూసుకుని, పేపర్లో సన్న అక్షరాల్ని కంటికి దగ్గరగా పట్టుకుని మెల్లగా వెనక్కి జరపండి. అక్షరం అంచు మసకబారడం మొదలైన చోట ఆపి కంటి నుంచి ఎన్ని సెంటీమీటర్లో కొలవండి. 100ని ఆ అంకెతో భాగిస్తే వచ్చేదే మీ మైనస్ పవర్. నా కుడి కన్ను 22 దగ్గర ఆగిపోతుంది, 100ని 22తో భాగిస్తే నాలుగున్నర, డాక్టర్ చీటీలో కూడా మైనస్ 4.50 అనే ఉంది. అర మీటరు దాకా స్పష్టంగా కనిపిస్తే మైనస్ 2, మీటరు దాకా కనిపిస్తే మైనస్ 1. సిలిండర్ పవర్ (ఒక్కో దిక్కులో ఒక్కో పవర్) ఉన్నవాళ్ళకి లెక్క కాస్త అటూఇటూ అవుతుంది, అది వేరే గొడవ. పదో క్లాసులో హ్రస్వదృష్టి (దూరంవి మసగ్గా కనిపించే ఈ మైనస్ సైటే) పాఠంలో గరిష్ఠ దూర బిందువు అని బట్టీ పట్టి రాసి వచ్చాం చూడండి, ఆ బిందువు ఇదే, మన ముక్కు ముందే ఉంది. అద్దం చేసే పనల్లా ఎక్కడో దూరంగా ఉన్న బస్సు బోర్డు ప్రతిబింబాన్ని ఆ 22 సెంటీమీటర్ల హద్దు లోపలికి తెచ్చిపెట్టడం.

మరి ఆ హద్దు ఎందుకొచ్చింది అంటే, కంట్లో వెలుతుర్ని వంచేది లోపలున్న లెన్సే అని చాలామంది అనుకుంటారు గానీ అసలు పని ముందున్న కార్నియాది, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొరది. కన్ను మొత్తం మీద సుమారు 60 డయాప్టర్ల (మన పవర్ అంకెలకి యూనిట్ ఇదే) బలంతో వంచుతుంది అనుకుంటే అందులో 40 పైగా కార్నియా ఒక్కటే చేస్తుంది, గాలిలోంచి కంట్లోకి దిగే ఆ ఒక్క మలుపులోనే. బావిలో ఈత కొడుతూ నీళ్ళలో కళ్ళు తెరిస్తే అంతా అలుక్కుపోయి కనిపిస్తుంది కదా, నీళ్ళకీ కార్నియాకీ వెలుతుర్ని వంచే గుణంలో పెద్ద తేడా లేదు కాబట్టి ఆ మలుపు పోతుంది. గాగుల్స్ పెట్టుకుంటే కంటి ముందు మళ్ళీ గాలి పొర వచ్చి అన్నీ సర్దుకుంటాయి.

లోపలి లెన్స్ పని దగ్గరి వస్తువులకి సర్దుబాటు చేయడం. దూరం చూసేటప్పుడు చుట్టూ ఉన్న సిలియరీ కండరం వదులుగా ఉంటుంది, లెన్స్ పల్చగా ఉంటుంది. దగ్గర చూసేటప్పుడు కండరం బిగుసుకుంటే లెన్స్ కాస్త ఉబ్బి బలం పెంచుకుంటుంది. ఇక్కడే ఉంది అసలు కిటుకు, ఆ లెన్స్ బలం పెంచుకోగలదు గానీ పూర్తిగా వదులైపోయాక ఇంక తగ్గించుకోలేదు, మన సైట్ వాళ్ళకి కావాల్సింది తగ్గించుకోవడం. యూట్యూబ్ లో బొటనవేలు అటూఇటూ తిప్పుతూ పదిహేను రోజుల్లో అద్దాలు తీసేయండి అని చెప్పేవాళ్ళు ఏ కండరానికి కసరత్తు చేయిస్తున్నారో నాకైతే అర్థం కాదు.

ఎందుకంటే చాలామందిలో తేడా ఉన్నది బలంలో కాదు, కంటి పొడుగులో. పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఓ 17 మిల్లీమీటర్లుంటుంది, పెద్దయ్యేసరికి 24 దాకా వస్తుంది. అక్కడ ఆగకుండా ఇంకో మిల్లీమీటరు పెరిగిందా, రెండున్నర నుంచి మూడు వరకు మైనస్ వచ్చేస్తుంది. నా నాలుగున్నర అంతా కలిపి బియ్యపు గింజ మందమంత, అంతే. వెలుతురు కంటి వెనకున్న తెర, అంటే రెటీనా కంటే ముందే ఒక చోట కలిసి, మళ్ళీ విడిపోయి, రెటీనా మీద చుక్కకి బదులు చిన్న గుండ్రంగా పడుతుంది. రాత్రి పూట కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి ఆ గుండ్రాలూ పెద్దవవుతాయి, వీధి లైట్లన్నీ పళ్ళేలంత కనిపిస్తాయి. కళ్ళు చికిలించి చూస్తే కొంచెం నయంగా ఉండేది కూడా అందుకే, కన్నం చిన్నదైతే గుండ్రం చిన్నదవుతుంది. పిడికిలి బిగించి సన్న కన్నం వదిలి అందులోంచి అద్దాల్లేకుండా గోడ మీద క్యాలెండర్ చూడండి, చీకటిగా ఉన్నా అంకెలు తేలతాయి.

ప్రతిబింబం రెటీనా మీదే పడుతుందని, అదీ తలకిందులుగా పడుతుందని, హ్రస్వదృష్టిలో ముందే కలిసిపోతుందని సరిగ్గా వివరించింది కెప్లర్, 1604లో. గ్రహాల చలన నియమాలు చెప్పిన కెప్లరే. అప్పటికి యూరప్ లో జనం ఎప్పట్నుంచో అద్దాలు పెట్టుకు తిరుగుతున్నారు, ఎందుకు పనిచేస్తున్నాయో మాత్రం తెలీదు.

కంటి పరీక్షకి వెళ్తే ముందు గడ్డం ఆనించమని ఒక మెషీన్ లోకి చూడమంటారు, పొడుగ్గా రోడ్డు, చివర్లో రంగుల బెలూన్. ఆ బెలూన్ ఒకసారి మసకై మళ్ళీ తేలుతుంది, కన్ను ఎక్కడో దూరం చూస్తున్నాననుకుని కండరాన్ని వదిలేయాలని ఆ ఏర్పాటు. తర్వాత ఎరుపు సగం పచ్చ సగం బోర్డు చూపించి దేంట్లో అక్షరాలు నల్లగా ఉన్నాయి అని అడుగుతారు. మనమేమో పరీక్ష హాల్లో కూర్చున్నట్టు టెన్షన్ పడిపోయి ఏదో ఒకటి చెప్పేస్తాం. ఎర్ర వెలుతురు తక్కువ వంగుతుంది, పచ్చ కంటే కాస్త వెనక కలుస్తుంది, అందుకని మైనస్ ఇంకా చాలకపోతే ఎరుపులోవి బాగుంటాయి, మైనస్ ఎక్కువైపోతే పచ్చలోవి బాగుంటాయి. రెండూ ఒకేలా ఉన్నాయంటే తప్పు జవాబేం కాదు, వాళ్ళు దానికోసమే చూస్తుంటారు. మెషీన్ చీటీ చూసి నేరుగా అద్దాలు కోసేసే షాపుల్లో ఈ బోర్డు ఉండదు, నాకు ఒకచోట అలాగే అర పవర్ ఎక్కువ వేసి పంపారు, అక్షరాలు భలే నల్లగా కనిపించేవి, సాయంత్రానికి నుదురు పగిలిపోయేది.

పిల్లల సంగతికొస్తే ఒక ప్రయోగం చెప్పాలి. 1980ల్లో కోడిపిల్లల కళ్ళ ముందు మైనస్ లెన్సులు కట్టి చూస్తే ఆ లెన్సుకి సరిపోయేలా కన్ను పొడుగు పెరిగింది, ప్లస్ లెన్స్ కడితే ఎదుగుదల నెమ్మదించింది. అంటే కన్ను తన మీద పడే బొమ్మని చూసుకుంటూ ఎంత పెరగాలో తనే నిర్ణయించుకుంటోందన్నమాట. ఇది విని మన పెద్దవాళ్ళు చూశావా అద్దాలు పెడితే పవర్ పెరుగుతుందని నేను ముందే చెప్పాను అంటారు, తొందరపడొద్దు. పిల్లలకి కావాలని తక్కువ పవర్ ఇచ్చి మలేషియాలో చూశారు, 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో పవర్ తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగింది. ఇప్పుడు మధ్యలో మామూలు పవర్, చుట్టూ చిన్న చిన్న ప్లస్ చుక్కలు ఉండే లెన్సులు పిల్లలకి ఇస్తున్నారు చూడండి, వాటి వెనకున్నది ఆ కోడిపిల్లల నుంచి వచ్చిన ఆలోచనే.

కానీ సైట్ అసలు రాకుండా ఉండడానికి ఇప్పటిదాకా గట్టిగా తేలింది ఎండ. చైనాలో గ్వాంగ్‌జౌ స్కూళ్ళలో ఒకటో క్లాసు పిల్లల్ని రోజుకి 40 నిమిషాలు అదనంగా బయట ఉంచారు, మూడేళ్ళకి కొత్తగా సైట్ వచ్చినవాళ్ళు మామూలు స్కూళ్ళలో 39.5 శాతం అయితే వీళ్ళలో 30.4. ఆటలు ఆడితేనే అని కాదు, బయట చెట్టు నీడన కూర్చున్నా గదిలోకంటే ఎన్నో రెట్లు వెలుతురు, ఆ వెలుతురుకి రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం కంటి పొడుగుని అదుపులో పెడుతుందని అనుకుంటున్నారు. మనమేమో అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్ లో స్కూలు, గ్రౌండ్ లేదు, పీఈటీ పీరియడ్ లో మ్యాథ్స్, సాయంత్రం ట్యూషన్, ఇంటికొచ్చాక ఫోన్ చూసి కళ్ళు పాడు చేసుకుంటున్నాడని వాడి మీద అరుపులు. ఫోన్ మంచిదని నేననట్లేదు, కానీ దాన్ని లాక్కుని అదే గదిలో గైడ్ చేతికిస్తే కంటికి ఒరిగేదేం లేదు. ఇంకోటి, పిల్లలకి మొదటిసారి అద్దాలు రాయించేటప్పుడు కండరాన్ని వదులు చేసే చుక్కల మందు వేసి చూస్తామంటే వద్దనకండి, అది వేయకపోతే కండరం బిగుసుకుని లేని మైనస్ చూపిస్తుంది ఒక్కోసారి. ఒకట్రెండు రోజులు పుస్తకం మసగ్గా ఉంటుంది కాబట్టి స్లిప్ టెస్టులు లేనప్పుడు వెళ్ళండి.

పెద్దవాళ్ళకి మాత్రం ఇదంతా తెలిసినా పొడుగైన కన్ను పొట్టిది కాదు. సంబంధాలు చూసే టైముకి లేసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించేస్తారు, పద్దెనిమిది దాటి పవర్ నిలకడగా ఉంటే మంచిదే, అది కార్నియాని చదును చేసి ముందు వైపు బలం తగ్గిస్తుంది. వెనక సాగిన రెటీనా అలాగే ఉంటుంది. మైనస్ ఆరు దాటినవాళ్ళు లేసిక్ అయిపోయింది కదా అని కంటి డాక్టర్ని మర్చిపోకూడదు, ఉన్నట్టుండి మెరుపులు మెరిసినట్టు, నల్ల చుక్కలు గుంపుగా రాలినట్టు, ఒక పక్క నుంచి తెర జారినట్టు అనిపిస్తే రేపు చూద్దాంలే అనకుండా ఆ రోజే వెళ్ళాలి.

మైనస్ రెండున్నర ఉన్న మా మేనమామ యాభై దాటినా అద్దాలు నుదుటి మీదకి తోసేసి పేపర్ చదువుతాడు, తోటివాళ్ళు చత్వారం అద్దాలు వెతుక్కుంటుంటే నా కళ్ళు చూడండ్రా అని గొప్పలు. 100ని రెండున్నరతో భాగిస్తే 40 సెంటీమీటర్లు, పేపర్ పట్టుకునే దూరం సరిగ్గా అదే. అద్దాలు పెట్టుకునే చదవమంటే ఆయనా చెయ్యి చాచాల్సిందే. డెబ్బై దాటిన ముసలమ్మ హఠాత్తుగా అద్దాల్లేకుండా సూదిలో దారం ఎక్కిస్తోందంటే అది వేరే కథ, లోపల శుక్లం ముదిరి లెన్స్ బలం పెరిగి కొత్తగా మైనస్ వస్తోందని. చూపు తిరిగొచ్చిందని సంబరపడిపోకుండా ఓసారి వీధి చివర ఎవరొస్తున్నారో అడగండి, చెప్పలేకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే టైమొచ్చినట్టే.