మూరన్నర తూనీగ, అసంపూర్ణమైన రెక్క

కిందటి వారం వాన వెలిశాక మా కిటికీ గట్టు మీద ఒక తూనీగ రెక్క కనిపించింది. తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూస్తే, ముందంచు మధ్యలో చిన్న కణుపు, కొస దగ్గర ముదురు మచ్చ, వెనకంతా వలలా అల్లుకున్న ఈనెలు ఉన్నాయి. పొడవు 4 సెంటీమీటర్లు.

అమెరికాలోని కాన్సాస్‌లో, ఎల్మో దగ్గర, డైనోసార్ల కంటే ముందటిదైన పెర్మియన్ యుగపు సున్నపురాయిలో దొరికిన అసంపూర్ణమైన రెక్కల ఆధారంగానే హార్వర్డ్ శాస్త్రవేత్త ఫ్రాంక్ కార్పెంటర్ 1939లో తూనీగలాంటి భారీ కీటకం మెగాన్యూరోప్సిస్ పెర్మియానాను కొత్త జాతిగా వర్ణించాడు. కీటకం ఒళ్లు త్వరగా కుళ్లిపోతుంది, లేదా మరో ప్రాణికి ఆహారమవుతుంది. తినడానికేమీ లేని రెక్క మాత్రం బురదలో చదునుగా పరుచుకుని అచ్చుగా మిగులుతుంది.

ఆ అచ్చును చదవడమే అసలు పని. రెక్కలోని ప్రధాన ఈనెల్లో కొన్ని గట్టులా ఉబ్బి, కొన్ని కాలువలా లోతుగా ఉంటాయి కాబట్టి, ముక్క మాత్రమే దొరికినా ఏ ఈనె ఏదో గుర్తించవచ్చు. అయితే రాయి రెండుగా చీలినప్పుడు ఒక పలకలో గట్టుగా ఉన్నది రెండో పలకలో కాలువ అవుతుంది. అందుకే వెలుతురును పక్కనుంచి ఏటవాలుగా పడనిచ్చి, తాము చూస్తున్నది రెక్క పైభాగమో అడుగుభాగమో ముందుగా తేల్చుకోవాలి. ఇక్కడ పొరబడితే పేర్లన్నీ తారుమారవుతాయి.

ఫ్రాన్స్‌లోని కొమాంత్రీ బొగ్గు గనుల్లో దొరికిన ఇంకా పాత బంధువుకు 1885లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త షార్ల్ బ్రోన్యార్ పెట్టిన మెగాన్యూరా అన్న పేరుకు పెద్ద ఈనెలు కలదనే అర్థం. ఈ భారీ కీటకాల రెక్కల్లో నా కిటికీ రెక్కకున్న కణుపు లేదు. అందువల్ల వీటిని తూనీగలనడం వాడుక మాటే తప్ప, అసలైన తూనీగల వర్గంలోకి ఇవి రావు.

పెర్మియానా రెక్కలు చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు 71 సెంటీమీటర్లు, అంటే మూరన్నర పైమాటే, అని అందరూ రాస్తారు. అది కొలత కాదు, అంచనా: దొరికిన భాగంలో ఈనెలు చీలిన చోట్లను బంధువుల పూర్తి రెక్కలతో పోల్చి, ఒక్కో రెక్క సుమారు 33 సెంటీమీటర్లు ఉండాలని లెక్కగట్టారు. 1947లో కార్పెంటరే ఓక్లహామా రాష్ట్రం నుంచి మెగాన్యూరోప్సిస్ అమెరికానా అనే మరో జాతిని వర్ణించాడు. అక్కడ మిగిలిన రెక్క ముక్క 28 సెంటీమీటర్లు, ఆయన ఊహించిన పూర్తి పొడవు 30.5. ఈ రెండూ ఒకే జాతి కావచ్చని తర్వాతివారు అన్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల తేడా ఒకే చెరువు మీద ఎగిరే తోబుట్టువుల మధ్య కూడా ఉండవచ్చు కదా. రాతిలో ఒక పూర్తి రెక్క బయటపడేదాకా ఈ తగవు తెగదు.