పర్లాకిమిడి ఎండల్లో పిప్పరమెంటు చాక్లెట్లు

లోపల పిప్పరమెంటు ముద్ద, పైన చాక్లెట్ పూత ఉండే బిళ్లలు ఇంట్లో చేసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. కాకపోతే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చేయాలంటే ముందు కాలం చూసుకోవాలి. చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. వేసవి మధ్యాహ్నం మా వంటింట్లో వేడి అంతకు మించే ఉంటుంది. అందుకే సంక్రాంతి వెళ్లాక, తెల్లవారుజామున చలి ఉండగానే పని పెట్టుకున్నాను.

సరుకుల్లో తిప్పలు పెట్టింది ఆ రుచికి కావాల్సిన పిప్పరమెంటు నూనే. పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని), "పాన్ కొట్లో పిప్పరమెంటు పువ్వు దొరుకుతుంది కదమ్మా, నూనెకి డబ్బులు తగలేయడం దేనికి?" అంది. ఆవగింజంత నలిపి కాస్త ముద్దలో కలిపి చూశాం. అత్తయ్య నోట్లో వేసుకుని, "ఇది తినడానికా, నుదుటికి రాసుకోవడానికా?" అన్నారు. ఆ పువ్వంటే ఉత్త మెంథాల్. చల్లదనం ఇస్తుంది గానీ పిప్పరమెంటు నూనెలోని మిగతా సువాసనలు దానికి రావు. పెరట్లో పుదీనా కూడా పనికిరాదు. దాని వాసన కార్వోన్ అనే వేరే పదార్థానిది, తింటుంటే పచ్చడే గుర్తొస్తుంది. బరంపురం వెళ్తున్న మరిదికి చెప్పి, కేకు సామాన్ల కొట్లో తినడానికి పనికొచ్చే నూనె తెప్పించాను.

లోపలి ముద్ద తేలిక. 250 గ్రాముల ఐసింగ్ షుగర్ జల్లించి, 4 చుక్కల నూనె వేసి, కండెన్స్‌డ్ మిల్క్ చెంచా చెంచాగా పోస్తూ చపాతీ పిండిలా కలపడమే. ఒత్తి, సీసా మూతతో బిళ్లలు కోసి, రెండు వైపులా తడి ఆరేదాకా గాలికి వదిలేశాను.

అసలు టెన్షనంతా పూత దగ్గరే. 200 గ్రాముల డార్క్ చాక్లెట్ తరిగి, మూడొంతుల్లో రెండొంతులు వేడినీళ్ల గిన్నె మీద కరిగించాను. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. ఒక్క చుక్క ఆవిరి నీరు పడినా చాక్లెట్ గడ్డకట్టి ఇసుకలా అయిపోతుంది. 45 డిగ్రీలకు రాగానే దించి, మిగిలిన ముక్కలు వేసి కలుపుతూ 31, 32 దగ్గరకు దింపాలి. ఆ ముక్కల్లో సరిగ్గా పేరుకున్న కోకో వెన్న స్ఫటికాలను చూసే మిగతాదీ అలాగే పేరుకుంటుంది. అప్పుడే పూతకు మెరుపూ, కొరికితే టక్కుమనే చప్పుడూ వస్తాయి. లేకపోతే పైన తెల్లటి చారలు తేలతాయి. తింటే నష్టం లేదు, కానీ చుట్టాల ముందు పెట్టబుద్ధి కాదు. థర్మామీటర్ లేనివాళ్లు కింది పెదవికి కాస్త రాసుకుంటే, ఒంటి వేడి కన్నా చల్లగా తగలాలి.

బిళ్లలను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ముంచకూడదు. లోపలిది వేడెక్కి ఉబ్బితే పూత పగులుతుంది. ఫోర్కుతో ముంచి, అంచుకు తట్టి, బటర్ పేపర్ మీద పెడితే చలిపూట వాటంతటవే గట్టిపడ్డాయి.

ఎండాకాలంలో ఎవరైనా అడిగితే కాంపౌండ్ చాక్లెట్‌తోనే చేస్తాను. అందులో కోకో వెన్నకు బదులు వేరే నూనె కొవ్వు ఉంటుంది కాబట్టి ఈ డిగ్రీల గొడవ లేదు. రుచి మాత్రం ఓ మెట్టు తక్కువే, అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. మరిది తేడా కనిపెట్టలేదు. మావుసీ మొదటి ముక్కకే కనిపెట్టేసింది.