మిరప కోతల మధ్య హాకీ

నేను గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు ఒక హైస్కూల్లో పీఈటీని, అంటే వ్యాయామ టీచర్ని. కాలేజీ రోజుల్లో హాకీ ఆడాను. ఈ బడికి బదిలీ అయిన ఏడాదే ఇక్కడ హాకీ మొదలుపెట్టాలని పట్టుబట్టాను. మా పిల్లలకి క్రికెట్, కబడ్డీ, ఖోఖో తెలుసు. హాకీ స్టిక్కును చేత్తో పట్టుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

"అందరూ రావచ్చు" అని ప్రేయర్‌లో చెప్పాను. సాయంత్రం గ్రౌండ్‌లోకి 24 మంది వచ్చారు. అందరూ మగపిల్లలే. ఎస్సీ కాలనీ నుంచి ఇద్దరే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పేరున్న పిల్లల్లో ఒక్కరూ లేరు. రమ్మని పిలిస్తే చాలనుకున్నాను. ఎవరికి ఏది అడ్డమో తెలుసుకోకుండా పిలిచిన పిలుపు అది. ఆ ఆదివారం నుంచి ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను.

ఆడపిల్లల ఇళ్లల్లో దాదాపు ఒకటే మాట. "పొలం నుంచి నేనొచ్చేదాకా చంటోణ్ణి ఎవరు చూస్తారు మేడంగారూ?" రెండో మాట నిక్కర్ల గురించి. మూడోది, చీకటి పడితే ఎవరు తీసుకొస్తారని. ఇందులో ఏదీ అడగకూడని ప్రశ్న కాదు. నిక్కర్లు వద్దు, ట్రాక్ ప్యాంటు, టీషర్టు అన్నాను. ఐదున్నరకల్లా ఆట ఆపేసి, ఒకే వీధి వాళ్లని గుంపుగా పంపుతానన్నాను. చంటిపిల్లల్ని వెంట తీసుకురమ్మన్నాను. వేపచెట్టు కింద పట్టా పరిచాం. వంతులవారీగా ఒకరు అక్కడ కూర్చుని పిల్లల్ని చూస్తారు, మగపిల్లలకీ ఈ వంతు ఉంటుంది. నెల తిరిగేసరికి 11 మంది ఆడపిల్లలు వచ్చారు.

కాలనీ పిల్లల సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. ఒక తండ్రి బడికే వచ్చి, "మావాణ్ణి వాళ్లతో జత కట్టొద్దు" అన్నాడు. జతలు హాజరుపట్టీ వరసలో వేస్తాను, ఎవరి కోసమూ మార్చనన్నాను. వాళ్లబ్బాయి పది రోజులు రాలేదు. తర్వాత వాడే వచ్చాడు. నా దగ్గరున్నవి 14 స్టిక్కులు. గంటలో ఒక్కో స్టిక్కు ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది, ఒకరి చెమట ఇంకొకరి చేతికి అంటుతుంది. మంచినీళ్ల బిందె కూడా ఒక్కటే పెట్టాను, గ్లాసూ ఒక్కటే. ఎవరికీ ఏమీ ఉపన్యాసం చెప్పలేదు. కానీ రెండో బిందె పెడదామన్న ప్రతిసారీ వద్దన్నాను.

గ్రౌండ్ విషయానికొస్తే, అసలు హాకీ మైదానం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. మా స్థలం అందులో సగం కూడా లేదు. అందుకే ఐదుగురి ఆట, అంటే హాకీ ఫైవ్స్ పట్టుకున్నాం. 2018లో బ్యూనస్ ఎయిర్స్ యూత్ ఒలింపిక్స్‌లో మన అబ్బాయిలు, అమ్మాయిలు రెండు జట్లూ వెండి పతకాలు తెచ్చింది ఈ ఆటలోనే. మాది నల్లరేగడి నేల. వానొస్తే బంతి కూరుకుపోతుంది, ఎండొస్తే నెర్రెలిచ్చి ఎటు ఎగురుతుందో తెలీదు. ఊళ్లో ఒకాయన రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించాడు. సరుగుడు కర్రలే గోల్ పోస్టులు, పాత చేపల వలే నెట్. అసలు హాకీ బంతి 160 గ్రాముల దాకా ఉంటుంది, రాయిలా గట్టిగా ఉంటుంది. బూట్లు, మోకాలి కింద కట్టుకునే షిన్ గార్డులు లేని పిల్లల ముందు దాన్ని వెయ్యకూడదు. అవి సమకూరేదాకా ఆరు నెలలు టెన్నిస్ బంతితోనే నేర్పాను.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయిది పుర్రచేతి వాటం. ఇంట్లో, బళ్లో ఆ చెయ్యి మీద దెబ్బలు తిని పెరిగింది. స్టిక్కు ఇస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "ఏ చేత్తో పట్టుకోవాలి మేడమ్?" అంది భయంగా. హాకీలో ఎడమచేతి వాటం వాళ్లకి వేరే స్టిక్కు ఉండదు. అందరూ ఒకేలా పట్టుకోవాలి: ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. బంతిని తాకాల్సింది బల్లపరుపుగా ఉన్న పక్కతోనే. కాబట్టి బంతికి రెండో వైపు వెళ్లాలంటే స్టిక్కునే తిప్పాలి. తిప్పేది పైనున్న ఎడమ చెయ్యి. కుడి చెయ్యి గొట్టంలా వదులుగా ఉండి ఆసరా ఇస్తుంది, అంతే. నేను ఆ పిల్ల ఎడమ చెయ్యి పట్టుకుని స్టిక్కు పైకొస మీద పెట్టి, "ఈ ఆటలో పని చేసేది ఈ చెయ్యే" అన్నాను. తక్కినవాళ్లకి స్టిక్కు తిప్పడం రావడానికి మూడు వారాలు పట్టింది. తనకి నాలుగు రోజుల్లో వచ్చేసింది.

ఏడో తరగతిలో వినపడని బాబు ఒకడున్నాడు. విజిల్ వేస్తే అందరూ ఆగుతారు, వాడు బంతితో వెళ్లిపోతాడు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. భవిత కేంద్రం టీచరుగారిని అడిగితే, విజిల్‌తో పాటు ఎర్ర గుడ్డ ఎత్తమన్నారు. పాస్, ఆగు, వెనక్కి, నా వెనకాల మనిషి ఉన్నాడు, ఇలా తొమ్మిది సైగలు జట్టు మొత్తానికి నేర్పారు. దాని లాభం తర్వాత తెలిసింది. మ్యాచ్‌లో అవతలి జట్టు వాళ్లు అరుచుకుంటారు కాబట్టి వాళ్లేం చేయబోతున్నారో మాకు తెలిసిపోతుంది. మావాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు.

నేను తప్పు చేసింది మరో బాబు విషయంలో. వాడికి ఒక కాలు సన్నగా ఉంటుంది, కుంటుతాడు. పరుగు తక్కువ ఉంటుందని నాకు నేనే అనుకుని గోల్‌లో నిలబెట్టాను. మేలు చేశాననుకున్నాను కూడా. రెండు నెలలు నోరెత్తకుండా నిలబడ్డాడు. పైగా గోల్‌కీపర్‌కి కావాల్సింది కాళ్ల చురుకు. వాడికి అన్నిటికన్నా కష్టమైన చోటే పెట్టాను. ఒకరోజు చిన్నగా, "నేను గోల్ ఆపడానికి రాలేదు మేడమ్, గోల్ కొట్టడానికొచ్చాను" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వాణ్ణి ముందుకు పంపి, ప్రాక్టీసుకి కొత్త రూలు పెట్టాను: ఐదుగురికీ బంతి అందాకే గోల్‌కి కొట్టాలి. వాడికి చూపు బాగా పని చేస్తుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో తల తిప్పకుండా చెప్పేస్తాడు. వాడి పుష్, అంటే స్టిక్కుతో నెట్టిన బంతి, నేల మీద గీత గీసినట్టు వెళ్తుంది.

జనవరి వచ్చింది, మిరప కోతలు మొదలయ్యాయి. ఒక్కసారిగా సగం మంది మాయం. కూలి డబ్బులు ఇంటికి కావాలి, కోపగించుకుని లాభం లేదు. ఆదివారం వెళ్లొచ్చి సోమవారం ఆటకొచ్చిన అమ్మాయి అరచేతులు చూశాను. ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. స్టిక్కు పట్టుకుని చెమట పట్టగానే మంట రేగి, ఏడుపు ఆపుకుంటూ పళ్లు బిగపట్టింది. పుల్ల మజ్జిగలో చేతులు ముంచమని కూర్చోబెట్టాను. అప్పట్నుంచి జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో సోమవారం స్టిక్కు పట్టనివ్వను. ఆ రోజు సైగలు, నిలబడే చోట్లు, పరుగు, అంతే. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లి భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఇ. రజని ఫొటో నోటీసు బోర్డు మీద పెట్టాను. వాళ్ల అమ్మలకి కూడా అది చూపించాను.

రెండో ఏడాది గుంటూరులో ఆడిన మ్యాచ్‌ల్లో అబ్బాయిలు ఓడారు, అమ్మాయిలు ఒకటి గెలిచారు. ఆట మొదలవకముందే అంపైర్ దగ్గరికి వెళ్లి మా బాబు సంగతి చెప్పి ఎర్ర గుడ్డ ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. జేబులోంచి తన చేతిరుమాలు తీసి మడత విప్పి, బాబుకి ఎదురుగా వెళ్లి ఎత్తి చూపించారు, "కనిపిస్తోందా?" అన్నట్టు. మావాడు బొటనవేలు ఎత్తాడు.

ఇప్పుడు 43 మంది ఉన్నారు. ఆరో తరగతి పిల్లలకి పెద్ద స్టిక్కులు బరువై నడుములు నొప్పెడుతున్నాయి. కోతలు మొదలయ్యేలోపు 32 అంగుళాలవి ఓ పది సంపాదించాలి. ఎవరి దగ్గరైనా పిల్లలు ఎదిగిపోయి మూలన పడేసిన చిన్న స్టిక్కులుంటే, విరిగినవైనా సరే, మాకివ్వండి. మా ఊరి వడ్రంగి టేపు చుట్టి బాగు చేసి ఇస్తానన్నాడు.