మే పువ్వు, నల్ల గొడుగు

మే 17, ఆదివారం

పొద్దున్నే పాల ప్యాకెట్ తేబోతూ బాల్కనీలోకి తొంగి చూశాను. మే పువ్వు విచ్చుకుంది! ఇన్నాళ్ళూ ఆకన్నది లేకుండా మట్టిలోంచి ఒట్టి కాడ పొడుచుకొచ్చి, చివర మొగ్గల గుత్తితో నిలబడి ఉంది. ఇవాళ్టికి అది ఎర్రటి బంతి అయింది. చూడటానికి ఒకే పువ్వులా ఉంటుంది గానీ, ఒక్కో బంతిలో రెండు వందల దాకా చిన్న పూలుండొచ్చు. అన్నిటికీ ఆరేసి సన్నటి రేకులు, ఆరేసి కేసరాలు. లెక్కపెడుతూ అరవై దగ్గర ఆపేశాను, పాలు గుర్తొచ్చి.

ఫుట్‌బాల్ లిల్లీ అన్నా ఇదే. సొంతూరు ఆఫ్రికా. శాస్త్రీయనామం స్కాడోక్సస్ మల్టీఫ్లోరస్. పాత పుస్తకాల్లో హీమాంథస్ అని ఉంటుంది, అంటే రక్తపుష్పం. నాకైతే ఆ పాత పేరే నచ్చుతుంది.

అమ్మ వాళ్ళ పెరట్లో బావి గట్టు పక్కన పిచ్చిమొక్కలా వచ్చేది. హైదరాబాదులో మూడో అంతస్తుకి వచ్చాక అదే నాకు అపురూపం అయిపోయింది. అమ్మ ఇచ్చిన మొదటి దుంపని చేజేతులా కుళ్ళబెట్టాను. చలికాలంలో ఆకులు పండిపోతే నీళ్ళు ఆపాలి, నేనేమో జాలిపడి పోస్తూ వచ్చాను. ఇది రెండోది. రెండేళ్ళు ఆకులే చూపించింది.

టిఫిన్లయ్యాక ఎండలో ఫొటో తీస్తే కుంకుమ ముద్దలా వచ్చింది. ఎరుపు మరీ ఎక్కువైతే కెమెరాలో ఆ రంగు నిండిపోయి రేకుకీ రేకుకీ తేడా తెలియదు. నీడ కావాలి, కెమెరాలోకి వెళ్ళే వెలుతురు, అంటే ఎక్స్‌పోజర్ తగ్గించాలి. పైగా వెనకాల ఏసీ గొట్టం, ఆరేసిన లుంగీ. అత్తయ్యని బతిమాలి పువ్వు వెనక నల్ల గొడుగు పట్టుకోమన్నాను. అప్పుడు కనిపించాయి, కేసరాల కొసల్లో పసుపు చుక్కలు!

"ఏడాదికోసారి పూసింది, దేవుడికి పెట్టకుండా ఈ ఫొటోల గోలేంటమ్మా? రేపు సోమవారం కూడానూ."

"మొక్కంతా విషమే అత్తయ్యా. ఆఫ్రికాలో బాణాలకి పూసేవాళ్ళట."

"అయితే శివుడికి మరీ ఇష్టం. ఉమ్మెత్తపువ్వు పెట్టడం లేదూ?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. కోస్తే వాడిపోతుందని, కుండీతో సహా దేవుడి గది ముందు పెడతానని రాజీ కుదుర్చుకున్నాను.

నలభై ఫొటోల్లో మూడు నిలిచాయి. అత్తయ్య ఒకటి కాకినాడలో ఉన్న చెల్లెలికి పంపారు. ఐదు నిమిషాల్లో ఫోను, పిలక వస్తే ఒకటి దాచమని. కుండీ అంచున వేలితో మట్టి తవ్వి చూశాను. రెండు పిలకలున్నాయి. పిలక కోసం వరసలో ఈవిడతో కలిపి ఐదుగురు.