ప్లాట్ల ప్రకటన

మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడటం అయిపోయింది. ఇక పియానో మొదలవ్వాలి. అవ్వలేదు. "షాద్‌నగర్‌కి అతి చేరువలో, డీటీసీపీ అప్రూవ్డ్ ప్లాట్లు, స్పాట్ రిజిస్ట్రేషన్, బ్యాంకు లోను సదుపాయం కలదు!" అని ఎవరో కారు దద్దరిల్లేలా అరిచాడు. వెనక సీట్లో నిద్రపోతున్న బుజ్జిది ఉలిక్కిపడి లేచింది.

ఇవాళ జరిగినవాటిలో మిగతావన్నీ అరిగిపోయాయి గానీ ఇదొక్కటీ వదలట్లేదు. ఇంట్లో అందరూ పడుకున్నారు. చెబితే మా ఆయన నవ్వుతారు కాబట్టి మీకు చెప్పుకుంటున్నా.

బెజవాడ గృహప్రవేశం గురించి ఇంకోసారి రాస్తాను. (పులిహోర గురించి మాత్రం రాయను, పిన్ని ఇవన్నీ చదువుతుంది.) తిరుగు ప్రయాణంలో మా రూలు మీకు తెలిసిందే. సూర్యాపేట దాకా ఆయన పాటలు, అక్కడ టీ తాగాక నావి. ఆయన వంతు అయ్యేసరికి ఇళయరాజా మొత్తం అయిపోయాడు. నేను లింకిన్ పార్క్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ వాళ్ళ 'ఎ థౌజండ్ సన్స్' పెట్టాను. 2010 సెప్టెంబరులో వచ్చిన ఆల్బమ్, 48 నిమిషాలు. సూర్యాపేట నుంచి నార్కట్‌పల్లి దాటేదాకా సరిగ్గా సరిపోతుందని నా లెక్క.

దాన్ని మధ్యలో ముక్కలు చేయకూడదు. చెప్పుకోడానికి 15 ట్రాకులున్నా వాటి మధ్య ఖాళీ ఉండదు. ఒకటి తోక ఊపుతుండగానే రెండోదాని తల వచ్చేస్తుంది. మొత్తాన్నీ ఒకే పొడుగాటి ట్రాకుగా కూడా అమ్మారు అప్పట్లో, మధ్యలో ఎవరూ దిగిపోకుండా. అలాంటిదాని నడుమ ప్లాట్లు. అదీ ఎక్కడ? కింగ్ 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఇచ్చిన ప్రసంగం ముక్క అది. వీళ్ళు చేసిన పనల్లా ఆ గొంతుని కొంచెం కొంచెంగా యంత్రంగా మార్చుకుంటూ పోవడం. మొదట్లో మనిషి. పోనుపోను లోహం. చివర్లో జ్ఞానం, న్యాయం, ప్రేమ అనే మాటలు వచ్చేసరికి అక్కడ మనిషి లేడు, రోబో మాట్లాడుతుంటుంది. ఒళ్ళు గగుర్పొడిచే చోటది. ఆ వెంటనే 'ఇరిడిసెంట్'లో పియానో మెల్లగా వస్తే ఊపిరి తీసుకుంటాం. నాకా ఊపిరి దక్కనివ్వలేదు షాద్‌నగర్ వాడు.

ప్రకటనలు రాకుండా పాటల యాప్‌కి కట్టే ప్యాక్ అయిపోయి వారమైంది. "రెన్యూ చేయించండి" అని అప్పటినుంచీ అంటున్నా. "మధ్యలో నాలుగు ప్రకటనలొస్తే కొంపలేం మునగవు" అంటారు. క్రికెట్ చూసే యాప్‌కి మాత్రం ఏడాదికోసారి ఠంచనుగా కట్టేస్తారు, ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ప్రకటనలు అందులోనూ వస్తూనే ఉంటాయి. అది అడిగితే "అది వేరు" అంటారు. ఎలా వేరో పన్నెండేళ్ళ కాపురంలో నాకు అర్థం కాలేదు. సరే, డబ్బు సంగతి నేనే చూసుకోవచ్చు, నా జీతం నాకుంది. అసలు చిరాకు ఆ మాట మీద. పాటంటే నాలుగు నిమిషాలు, ఆపి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు అనుకునే మనిషికి మధ్యలో ఏం తెగిపోయిందో ఎలా చెప్పడం?

అసలు ఈ ఆల్బమ్ నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పానా? చెప్పే ఉంటాను, అయినా వినండి.

ఇంజనీరింగ్ హాస్టల్. మా గదిలో కడప పిల్ల లింకిన్ పార్క్ భక్తురాలు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ' పాటలన్నీ దానికి నోటికి వచ్చు. గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ అరిచే చోట అరుపుతో సహా వచ్చు. సెమిస్టర్ ఫెయిలైన పిల్లల్ని ఓదార్చడానికి కూడా 'ఇన్ ది ఎండ్' పాడేది, అదేం ఓదార్పో. కొత్త ఆల్బమ్ వస్తోందని నెల ముందునుంచీ గోల. చివరికి వాళ్ళన్నయ్య ఎక్కడో సంపాదించి పెన్ డ్రైవ్‌లో పంపాడు, చేగోడీలతో పాటు. గది మొత్తానికీ ఒకటే లాప్‌టాప్, దాని స్పీకర్లలో ఒకటి పనిచేయదు. ఏడుగురం మంచాల మీద సర్దుకున్నాం. ఫైళ్ళకి నంబర్లు లేవు. అక్షర క్రమంలో ఉన్నాయి. అలాగే మొదలుపెట్టాం.

అలా మాకు మొదట వినిపించింది 'బ్లాకౌట్'. అసలు ఆల్బమ్‌లో అది తొమ్మిదోది. కింద కీబోర్డు ఏదో వీడియో గేమ్‌లోదానిలా గంతులేస్తుంటే, దాని మీద చెస్టర్ గొంతు చించుకుంటాడు. గిటార్ ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని అందరం కాసుక్కూర్చున్నాం. గిటార్ రాలేదు గానీ వార్డెన్ వచ్చింది. "ఏమ్మా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని. నిజంగానే కంగారుపడింది పాపం. "బాగానే ఉన్నాం మేడమ్, పాట" అన్నాం. స్క్రీన్ కేసి ఓసారి చూసి, "పాటా!" అని వెళ్ళిపోయింది.

మూడోది 'ఎంప్టీ స్పేసెస్'. కీచురాళ్ళు, దూరంగా ఎక్కడో యుద్ధం చప్పుడు. 18 సెకన్లకి ఆగిపోయింది. కాపీ సగంలో పోయిందనుకుని కడప పిల్ల వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసి తిట్టింది. ఆయన మళ్ళీ కాపీ చేసి పంపాడు. మళ్ళీ 18 సెకన్లే. దాని మొహం చూడాలి. "గిటారు యాడికి పోయిందే?" అని నన్నడిగింది, నేనేదో దాచిపెట్టినట్టు. పది రోజులు ఆ బ్యాండ్‌తో మాటల్లేవు దానికి. గోడ మీద పోస్టర్ తిప్పేసింది.

ప్రపంచంలో చాలామందికి ఆ రోజుల్లో ఇదే పరిస్థితి. అమెరికాలో వచ్చీ రాగానే అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్ళింది, వినేసి సగం మంది తిట్టారు. ఇప్పుడు వాళ్ళే "కాలం కంటే ముందొచ్చిన కళాఖండం" అని సర్టిఫికెట్లు ఇస్తున్నారు. ఇదో చిరాకు నాకు. చెస్టర్ ఉన్నప్పుడు అనొచ్చుగా ఆ మాట? 2014లో మళ్ళీ గిటార్లు పట్టుకుని 'ది హంటింగ్ పార్టీ' చేస్తే పాత దారికొచ్చారన్నారు. 2017 మేలో 'వన్ మోర్ లైట్' మెత్తగా ఉంటే అమ్ముడుపోయారన్నారు. రెండు నెలలు తిరిగేసరికి, జులై 20న, ఆ మనిషే లేడు. అప్పట్నుంచీ ఈ "మారిపోయారు" అనే గొడవలో నేను గట్టిగా మాట్లాడలేను. మా ఆయన మాత్రం మాట్లాడతారు. ఆయన దృష్టిలో ఆ బ్యాండ్ 2003లో 'మీటియోరా'తో అయిపోయింది. ఇవాళ కూడా నకిరేకల్ దగ్గర అననే అన్నారు, "గిటార్ లేని రాక్ ఉప్పులేని పప్పు" అని.

దానికి జవాబు కార్లో సగమే చెప్పాను, మిగతా సగం ఇక్కడ. వాళ్ళు ఎలక్ట్రానిక్ వైపు 2010లో కొత్తగా తిరిగిందేం లేదు. మొదట్నుంచీ జో హాన్ అనే మనిషి స్టేజీ మీద టర్న్‌టేబుల్స్ వెనక నిలబడి ఏం చేస్తున్నాడనుకున్నారు? 'హైబ్రిడ్ థియరీ' నిండా శాంపిళ్ళే. తేడా ఎక్కడొచ్చిందంటే, అప్పట్లో యంత్రం గిటార్‌కి తోడుగా ఉండేది, ఇక్కడ గిటార్ యంత్రానికి తోడుగా వెళ్ళింది. దానికో కారణం కూడా ఉంది. విషయం బాంబు. మనిషి చేసిన యంత్రం మనిషినే మింగడం. కింగ్ గొంతుని రోబో చేసింది సరదాకి కాదుగా. 'వ్రెచెస్ అండ్ కింగ్స్'లో మారియో సావియో మాటలు పెట్టారు. 1964 డిసెంబరులో బర్క్‌లీ విద్యార్థుల ముందు నిలబడి, యంత్రం భరించలేనిదైనప్పుడు మన ఒంటిని దాని పళ్ళచక్రాల మీద పెట్టి ఆపాలన్న కుర్రాడు. యంత్రాలతో చేసిన పాటలో యంత్రాన్ని ఆపమనే మాట! 'హోర్నాదా దెల్ మ్యుయెర్తో' అని ఇంకోటుంది, అది న్యూ మెక్సికోలో ఓ ఎడారి పేరు. 1945 జులై 16న మొదటి అణుబాంబు పేల్చింది అక్కడే. ఆ పేరు పెట్టుకున్న పాటలో ఉన్న రెండు మాటలూ జపనీస్‌లో ఉంటాయి. ఎక్కడా వివరించరు.

ఇవన్నీ వరుసలో వింటేనే తెలుస్తాయి, అందుకే ముక్కలు చేయడం పాపం అని రాద్దామనే కూర్చున్నాను. కానీ పైన హాస్టల్ కథ రాస్తుంటే ఒకటి తట్టింది. నాకివి తెలిసింది వరుసలోనా? కాదే! అక్షర క్రమంలో 'బర్నింగ్ ఇన్ ది స్కైస్', ఆ వెంటనే కీచురాళ్ళు, ఆ వెంటనే 'ఫాలౌట్'. ఫాలౌట్‌లో ఉన్నవి బర్నింగ్ ఇన్ ది స్కైస్ మాటలే, కాకపోతే యంత్రం గొంతులో. అసలు ఆల్బమ్‌లో ఈ రెంటి మధ్యా తొమ్మిది ట్రాకుల దూరం. మాకు 18 సెకన్లు. "ఇందాకటి పాటే కదే ఇది, దెయ్యం పట్టినట్టుంది" అని మా గదిలో ఎవరో అన్నారు, నేనే అయ్యుండొచ్చు. 'ది క్యాటలిస్ట్' ముందు విని తర్వాత 'ది రెక్వియెమ్' విన్నాం కాబట్టి, ఆ పరుగుల పాటలోని మాటల్నే ఎవరో ఆడగొంతులాంటి గొంతుతో శవం దగ్గర కూచుని పాడుతున్నట్టు అనిపించింది. వరుసలో విన్నవాళ్ళకి ముందు ఏడుపు, తర్వాత పరుగు. మాకు పరుగు తర్వాత ఏడుపు. ఏది బావుందంటే ఇప్పుడు చెప్పలేకపోతున్నా.

నష్టం మాత్రం ఒకటి జరిగింది. అసలు ఆల్బమ్ ముగిసేది 'ది మెసెంజర్'తో. యంత్రాలన్నీ ఆగిపోయాక ఒట్టి అకౌస్టిక్ గిటార్, పియానో, చెస్టర్ బొంగురు గొంతు. మాకది తొమ్మిదోదిగా వచ్చింది, మెస్ గంట కొట్టే టైముకి. సగం మంది కంచాలు పట్టుకుని వెళ్ళిపోయారు. దాదాపు 45 నిమిషాలు ఎదురుచూశాక రావాల్సిన గిటార్ అది.

అంటే వరుస ముఖ్యమే. కొన్నిచోట్ల. ప్రకటనలు మాత్రం ఏ వరుసలోనూ వద్దు, ఆ మాట మీద నిలబడతాను.

అత్తయ్య సంగతి మర్చిపోయా. రెండో ట్రాక్ 'ది రేడియన్స్', నిమిషం కూడా ఉండదు. చప్పుళ్ళ మధ్య ఓపెన్‌హైమర్ గొంతు, 1965లో టీవీ కోసం మాట్లాడింది. బాంబు పేలాక కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు, ఎక్కువమంది మాట్లాడకుండా ఉండిపోయారని చెబుతాడు. వెనక సీట్లో ఒడిలో పిల్లతో కునికిపాట్లు పడుతున్న అత్తయ్య చటుక్కున, "ఏమ్మా, భగవద్గీత అన్నాడు కదూ?" అన్నారు. అవునన్నాను. వెయ్యి సూర్యుల పేరు కూడా గీతలోదే, విశ్వరూపం చోటిది అని చెప్పాను. మళ్ళీ వేయమన్నారు. వేశాను. పొద్దున్నే ఘంటసాల గీత పెట్టుకునే మనిషి, "కాలోఽస్మి" దగ్గర కాఫీ కలుపుతూ కూడా ఆగిపోతారు.

"ఎవరీయన?"

"బాంబు చేసినాయన, అత్తయ్యా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఘంటసాల గారు చెబితే ధైర్యంగా ఉంటుంది. ఈయన చెబుతుంటే భయమేస్తోంది. చదివింది అదే శ్లోకమేనా?" అన్నారు. అదేనన్నాను. "అర్జునుడు భయపడ్డాడు కాబట్టి సరిపోయింది, ఈయన తనే కృష్ణుణ్ణనుకున్నాడేమో" అన్నారు. మా ఆయన అద్దంలోంచి వాళ్ళమ్మని అలా చూస్తూ ఉండిపోయారు. కొర్లపహాడ్ టోల్ దగ్గర వెనక లారీ వాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

ఇందాకే కడప పిల్లకి మెసేజ్ పెట్టా, టెక్సాస్‌లో ఇప్పుడు మధ్యాహ్నం. "ఏమే, పోస్టర్ మళ్ళీ ఎప్పుడు తిప్పావు?" అని. "నువ్వే తిప్పినావ్ లే, నాకు జ్వరమొచ్చిన రోజు" అంది. నాకస్సలు గుర్తులేదు.

ప్యాక్ నేనే కట్టేశాను, పావుగంట క్రితం. మా ఆయనకి రేపు ఆఫీసుకెళ్ళేప్పుడు కార్లో 'వ్రెచెస్ అండ్ కింగ్స్' పెడతాను, బ్రాడ్ డెల్సన్ గిటార్ బరబరా కోసే పాట, ఏ ఆల్బమో చెప్పకుండా. మీటియోరాలో మిగిలిపోయిన పాటా అని అడుగుతారు, చూడండి.