బ్యాంకు లెక్క, ఇంటి లెక్క

అద్దె మళ్ళీ పది శాతం పెంచుతున్నానని ఇంటి యజమాని కబురు పంపిన రోజున, ఎన్నేళ్లుగానో వాయిదా పడుతూ వచ్చిన సొంతింటి ఆలోచన మా ఇంట్లో నిర్ణయంగా మారింది. వరుసగా మూడేళ్లు అదే పెంపు. నా జీతం చూస్తే ఏడాదికి ఐదు శాతానికి మించి పెరగడం లేదు. ఆదాయంలో 30 శాతం ఉన్న అద్దె ఇదే తీరున సాగితే ఏడేళ్లకు 41 శాతం దాటుతుందని కాగితం మీద లెక్క వేస్తే తేలింది. అంత అద్దె కట్టే బదులు ఆ సొమ్మే రుణ వాయిదాగా కడితే చివరికి ఇల్లైనా మిగులుతుందనుకొని బ్యాంకుకు వెళ్లాను.

బ్యాంకు అధికారి జీతం చీటీలు, పాత అప్పుల వివరాలు మాత్రమే చూసి, చేతికందే జీతంలో దాదాపు సగం వరకు నెల వాయిదాకు పోవచ్చునని, ఆ ప్రకారం నేను అడిగిన దానికన్నా ఎక్కువ రుణానికే అర్హత ఉందని చెప్పారు. ఇంట్లో ఎంతమందిమి, ఎవరికి మందులు కొనాలి, పిల్లల చదువులకు ఎంతవుతోంది అన్న ప్రశ్నలు ఆయన ఫారంలో ఎక్కడా లేవు. నిజం చెప్పాలంటే ఆ లోటు నాకూ కనిపించలేదు. అర్హత పెద్దదని సంతోషంగానే ఇంటికి వచ్చాను. “ఎంత ఇస్తారో చెప్పారు సరే, వాయిదా కట్టాక మనకెంత మిగులుతుందో చూశారా?” అని నా భార్య అడిగిన తర్వాతే అసలు పని మొదలైంది.

ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం మించకూడదని చాలామంది చెబుతారు. అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండేవారి అద్దెకు 1969లో ఆదాయంలో 25 శాతం పరిమితి పెట్టి, 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. ఆ అంకే తర్వాత కొలబద్ద అయి కూర్చుంది. ఒంటరిగా ఉండే వ్యక్తికీ, వృద్ధుడైన తండ్రినీ ఇద్దరు పిల్లలనూ పోషించే కుటుంబానికీ ఒకే శాతం ఎలా సరిపోతుందో నాకు అర్థం కాలేదు. అందుకే శాతాన్ని పక్కన పెట్టి, బతకడానికి కావలసినది ముందు తీసేసి, మిగిలిన దానిలోనే వాయిదా ఇమడాలన్న పద్ధతిని ఎంచుకున్నాను.

పన్నెండు నెలల రసీదులు ముందేసుకుని కూర్చుంటే రెండు ఆదివారాలు పట్టింది. నెలనెలా వచ్చే ఖర్చుల్లో నా అంచనా పెద్దగా తప్పలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే బీమా, ఫీజులు, మరమ్మతులే లెక్కను తలకిందులు చేశాయి. ధర మారలేదనుకున్న వస్తువుల సంగతి ఇంకా విచిత్రం. బట్టల సబ్బు పొడి ప్యాకెట్ ఏడాది పొడవునా ఒకే ధరకు కొన్నట్లు రసీదులు చెబుతున్నాయి గానీ, అలమరలో దొరికిన పాత ఖాళీ ప్యాకెట్ మీద 500 గ్రాములనీ, కొత్తదాని మీద 450 గ్రాములనీ ఉంది. అంటే గ్రాముకు 11 శాతం పెరిగిన ధరను నెలల తరబడి చేతులారా ఇస్తూ కూడా గమనించలేదన్నమాట.

ఆ తర్వాత వాయిదాల పట్టిక అడిగి తెచ్చుకున్నాను. తొమ్మిది శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకునే రుణంలో మొదటి వాయిదాలో ఆరింట ఐదు వంతులు వడ్డీకే పోతాయని, అసలుకు జమయ్యేది ఒక్క వంతేనని మొదటి వరుసలోనే కనిపించింది. ఇది వడ్డీ మారే రకం రుణం కనుక, ఆరంభంలోనే రేటు పది శాతానికి పెరిగి వాయిదా మాత్రం మారకపోతే 240 నెలల గడువు 314 నెలలకు సాగుతుంది. అదనంగా పడే ఆ ఆరేళ్లు నా పదవీ విరమణ తర్వాతి ఏళ్లు.

ఇల్లు చూడకముందే వాయిదా కట్టి చూద్దామని అనుకున్నాం. రాబోయే వాయిదాకు ఇంటి పన్ను, నిర్వహణ రుసుము కలిపి, అందులోంచి అప్పటి అద్దె తీసివేయగా వచ్చిన తేడాను ప్రతి నెలా ఒకటో తేదీనే వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టాం. రెండు నెలలు సాఫీగా గడిచాయి; మూడో నెలలో నాన్నగారి వైద్య పరీక్షలకు ఆ ఖాతా నుంచే డబ్బు తీయవలసి వచ్చింది. వాయిదాను మూడో వంతు తగ్గించి మళ్ళీ ఆరు నెలలు ప్రయత్నిస్తే, ఆ సొమ్ము జోలికి వెళ్లవలసిన అవసరం రాలేదు.

చివరికి అర్హతలో మూడింట రెండు వంతుల రుణమే అడిగి, అనుకున్న దానికన్నా ఒక గది తక్కువున్న పాత ఇంటిని కొన్నాం. ఊరి చివర చవకగా దొరికిన పెద్ద ఇంటిని వదులుకోవడం పిల్లలకు నచ్చలేదు, కానీ రాకపోకల ఖర్చు కలిపితే అక్కడ ఆదా అయ్యేదంతా దారిలోనే పోతోంది. సంతకాల రోజున కూడా అధికారి, ఇంకా తీసుకోవచ్చు కదా అని గుర్తుచేశారు. వేరే ఖాతాలో కూడిన సొమ్ము రిజిస్ట్రేషన్ ఖర్చులకు పోగా కొంత మిగిలింది; వడ్డీ రేటు పెరిగినప్పుడు గడువు సాగకుండా అసలుకు జమ చేయడానికి దాన్ని అలాగే ఉంచాను.