డెస్క్‌టాప్ ఖాళీ అయింది, ఫైళ్లు దొరుకుతున్నాయి: నా అనుభవం

కావలిలో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. కంప్యూటర్ సర్దడం నిన్నటితో అయిపోయింది. వాల్‌పేపర్ మీద ఏ బొమ్మ ఉందో ఇప్పుడు కనిపిస్తోంది.

ఆ చెత్తంతా పాత ఆపరేటర్ పెట్టిపోయిందే. చెయ్యి వేగం, డిజైన్ బాగా చేస్తాడు, కాదనను. కానీ ఏది చేసినా డెస్క్‌టాప్ మీదే సేవ్. పేర్లు 'న్యూ', 'న్యూ1', 'ఫైనల్', 'ఫైనల్ ఓకే'. ఒంగోలులో ఎక్కువ జీతమిస్తామన్నారని వెళ్లిపోయాడు.

మొన్న జలదంకి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. "పోయినేడు మా నాయన కర్మకు ఫ్లెక్సీ నువ్వే వేసినావు గదబ్బయా, సంవత్సరీకానికి ఆ ఫోటోనే పెట్టాల" అన్నాడు. అసలు ఫోటో ఇంట్లో తడిసి పాడైందట. సెర్చ్‌లో ఆ పేరు తెలుగులో కొట్టాను, లేదు. ఇంగ్లీషులో కొట్టాను, లేదు. వెనక ఆధార్ జిరాక్స్‌కి వచ్చిన పిల్లలు నవ్వుతున్నారు. "ఏంది, మా నాయన ఫోటో పోగొట్టేసినావా?" అన్నాడాయన, అందరికీ వినపడేట్టు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సర్వీసు అతనికి ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా" అన్నాడు. డెస్క్‌టాప్ మీదవన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి, ఫార్మాట్‌లో తుడిచేసేది దాన్నే. బ్యాకప్ తీయకుండా కొడితే అన్నీ గంగలో కలిసినట్టే. ఆ ముక్క మాత్రం అతని నోట రాలేదు. ఇలాంటివాళ్లకు కంప్యూటర్ అప్పగించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

అసలు తిరకాసు వేరే. డీటీపీలో వాడే అనూ అనే తెలుగు ఫాంట్లలో కొట్టింది కంటికి తెలుగే గానీ, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లలో, నెట్‌లో కనిపించే మామూలు తెలుగులో, వెతికితే తగలదు. పైగా అది ఫోటోషాప్ ఫైలు, లోపలి మాటల జోలికి విండోస్ సెర్చ్ పోదు. ఫోటోషాప్‌లో చేసినదాన్ని జేపీజీ అనే బొమ్మ ఫైలుగా కూడా సేవ్ చేస్తారు గనక, చివరికి సెర్చ్ బాక్సులో నక్షత్రం గుర్తు, చుక్క, జేపీజీ అని కొట్టి, తేదీ వరసలో పెట్టి, బొమ్మలు పెద్దవి చేశాను. పోయినేడాది దగ్గరకు రాగానే నాకంటే ముందు ఆయనే "అదిగో మా నాయన!" అన్నాడు. ఫైలు పేరు 'న్యూ ఫైనల్ ఓకే'.

ఆ రాత్రే మొదలుపెట్టాను. డీ డ్రైవ్‌లో పెళ్లి, కర్మ, ఫ్లెక్సీ, భూమి కాగితాలు అని ఫోల్డర్లు చేసి, అన్నీ వాటిలోకి లాగేశాను. ఇక ఫైలు పేరే అడ్రసు: ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత ఊరు, ఇంటిపేరు, పని. తేదీ మధ్య గీత పెట్టండి, స్లాష్ పెడితే విండోస్ ఒప్పుకోదు. సంవత్సరం ముందుంటే ఫైళ్లు వాటంతటవే వరసలో నిలబడతాయి. 'ఎవ్రీథింగ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వేశాను. పేరులో ఒక ముక్క కొట్టేలోపు ఫైలు ముందుంటుంది. కావలిలో ఇంత చకచకా పాత కార్డు తీసిచ్చే షాపు ఇంకోటి ఉంటే చూపించండి.

కొత్తగా చేరిన కుర్రాడికి మొదటిరోజే చెప్పేశాను: 'న్యూ' అని సేవ్ చేస్తే ఆరోజు షాపులో అందరి టీ డబ్బులు అతనే ఇవ్వాలి.